గోడకి జేబు

శారదేటికి గట్టు తెగి వీధిలో నడుంలోతు నీళ్లు నిలిచిన ఏడు పోయాక, మూడోసారి చెరకు నరుకుళ్లు మొదలైన రోజులవి. పరదేశి అరుగు మీద మిషను ముందు కూర్చుని గోనెగుడ్డకి అంచు కుడుతున్నాడు. కాలికింద తొక్కుడుబల్ల కిర్రు కిర్రుమంటోంది. వరదనీళ్లు తాగిన మిషను. ఎంత నూనె పోసినా ఆ నీళ్లని మరిచిపోదు.

మంచు ఇంకా విడలేదు. రోడ్డు మీద వెళ్లే మనుషులు నడుం దాకానే కనిపిస్తున్నారు. బెల్లం మార్కెట్టు వైపు నుంచి పాకం వాసన, తడిసిన తాటాకు వాసన, లారీ పొగ కలిసిపోయి వస్తున్నాయి. ఆ కాలంలో అనకాపల్లిలో గాలి కూడా పెదాలకి జిడ్డుగా తగులుతుంది.

పరదేశి పొట్టి మనిషి. ఏళ్ల తరబడి ఒకవైపే ఒరిగి కుట్టడం వల్ల కుడిభుజం కిందకి జారిపోయింది. కళ్లజోడుకి ఒక కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. చొక్కా కాలరు కింద ఎప్పుడూ రెండు మూడు సూదులు గుచ్చి ఉంటాయి. మూడో తరగతిలో ఉండగా మేనమామ తీసుకొచ్చి ఈ మిషను దగ్గర కూర్చోబెట్టాడు. మళ్లీ లేవలేదు. ఇప్పుడు కొత్తబట్ట అతని కత్తెర కిందకి రాదు. అందరూ కుట్టినవే కొనుక్కుంటారు. తెగిన జిప్పులు, జారిన అంచులు, చిరుగులు మాత్రం వస్తాయి. జిప్పు వేస్తావా అంటే తలూపుతాడు. ఎప్పుడిస్తావు అంటే చేత్తో పడమటి దిక్కు చూపిస్తాడు. సాయంత్రం అని అర్థం. వీధివాళ్లకి ఆ భాష అలవాటే.

గోనెగుడ్డ మీద రంగురంగుల ముక్కలు అప్పటికే కుట్టేసి ఉన్నాయి. గళ్లలుంగీ చెరకు మడి అయింది. ఎర్రతువ్వాలు పొద్దు అయింది. పాత పెళ్లిపంచె అంచు మధ్యలోంచి ఏరులా వంకర తిరిగింది. ఆ ఏట్లో బనీనుగుడ్డ చేప ఒకటి, దానికి గుండీ కన్ను. ఏటి ఒడ్డున, ఏ ఆకారమూ కాకుండా, ఖాకీచొక్కా జేబు ఒకటి జేబులాగే ఉంది. నోరు తెరుచుకుని.

ఇలాంటివి వీధిలో ఇంటింటికీ ఉన్నాయి. వరద తీసిన మర్నాడు ప్రతి గోడకీ ఒక గీత మిగిలింది. సున్నం వేశారు, రంగు వేశారు. నెల తిరక్కుండా ఆ గీత టీ మరకలా పైకి తేలేది. ఇంట్లో కూర్చుని అన్నం తింటున్నా ఇంకా నీళ్లలోనే ఉన్నట్టుండేది. పెట్టెల్లో నానిన బట్టలు కూడా అంతే. ఒంటికి పనికిరావు, పారెయ్యడానికి చేతులు రావు. అవన్నీ మూటలు మూటలుగా పరదేశి అరుగు మీదకి చేరాయి. అతడు వాటిని ఉతికి, ఆరేసి, మరకలేని చోటు చూసి కత్తిరించి, గోనె మీద పరిచి కుట్టాడు. రవికెముక్క చిలక అయింది, పావడాముక్క తామరాకు అయింది. పైన వెదురుబద్ద దూర్చి, పురికొస కట్టి, సరిగ్గా గీత మీదకి వచ్చేలా మేకుకి తగిలించాడు. ఎవరింటి బట్టలు వాళ్లింటి గోడకే. వీధిలో వాటికి గీతగుడ్డలని పేరు పడింది.

గీతగుడ్డ లేని ఇల్లు ఒక్కటే మిగిలింది. అది అతని చెల్లెలు చిన్నమ్మలుది.

చిన్నమ్మలు మొగుడు దేముడు. బెల్లం మార్కెట్టులో కళాసీ. దిమ్మల బస్తాలు మోసి మోసి మెడ లేకుండా పోయిన మనిషి. పరదేశి మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడేవాడు. గీతగుడ్డ కట్టనా అని పరదేశి చేత్తో గోడ చూపించినప్పుడు పెద్దగా నవ్వాడు.

"ఒగ్గీ బావా. రేపు మళ్ళీ వరదొచ్చిందనుకో, దాని జాగా అది ఎతుక్కోవాల కదేటి!"

ఈ చలికాలం మొదట్లో దేముడు మంచం పట్టాడు. కాళ్లకి నీరు దిగింది, ముద్ద దిగడం మానేసింది. పెద్దాసుపత్రిలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కిందటి వారం పరదేశి చూడ్డానికి వెళితే, చెల్లెలు పెరట్లోకి వెళ్లేదాకా ఆగి, దేముడు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నా బట్టలన్నీ గోడకి కుట్టీ."

పరదేశి అతని మొహంలోకి చూశాడు.

"అలాగ సూడకు. మా అప్ప పోయిననాడు నువ్వు పీలికల గోతామంతా దిమ్మరించీసేవు. గుమ్మంలోంచి నేను సూసేను."

అప్ప అంటే కొర్లమ్మ. దేముడికి అక్క, పరదేశికి పెళ్లాం. ఇటు పిల్లని అటిచ్చి, అటు పిల్లని ఇటు తెచ్చుకున్నారు రెండిళ్లవాళ్లూ. మనిషి పోతే ఆ రోజే వాళ్ల బట్టలన్నీ మూటకట్టి ఏట్లో వదలడం వాళ్లలో ఉన్నదే. నూలుపోగు కూడా ఉంచకూడదు, ఉంచితే పోయినవాళ్లు దాని కోసం తిరుగుతారని భయం. కొర్లమ్మ రవికెలన్నీ పరదేశి కుట్టినవే. అన్నీ వెళ్లిపోయాయి. ఏటి దగ్గర్నుంచి తిరిగొచ్చి అతడు పీలికల గోతాం కింద పోసి వెతికాడు. అందులో వీధిలో ఆడవాళ్లందరి రవికెల ముక్కలూ ఉన్నాయి. పెళ్లాందే లేదు. ఆమె బట్ట మీద అతడెప్పుడూ ముక్క మిగిలేలా కత్తెర పెట్టలేదు మరి. అంత పొదుపుగా కత్తిరించేవాడు.

"సిన్నమ్మలు అలాగ ఎతుక్కోకూడదు బావా," అన్నాడు దేముడు. "ఫొటో ఉండీదా, వరదకి తెల్లకాయితం అయిపోనాది. బట్టయితే ఏట్లో ఒగ్గీత్తారు. గోడకున్నది గోడదే, దాన్నెవులూ ముట్టరు. నేనుండగానే గోడకెక్కించీ. తరవాతయితే అది బట్టే."

కాసేపు ఆయాసం తీర్చుకుని మళ్లీ అన్నాడు.

"జేబు మట్టుకు విప్పకు. అది దానిది."

పెళ్లైన కొత్తల్లో మొదలైంది అది. దిమ్మలు దింపేటప్పుడు విరిగిపడిన బెల్లంపలుకు ఒకటి జేబులో వేసుకుని సాయంత్రం ఇంటికొచ్చేవాడు. చిన్నమ్మలు ఏమీ అడగదు. నీళ్లచెంబు అందిస్తూ జేబులో చెయ్యి పెట్టి తీసుకుని నోట్లో వేసుకుంటుంది. ముసలివాళ్లయ్యాక కూడా అంతే. ఎన్ని ఉతుకులు ఉతికినా ఖాకీచొక్కా జేబు మూల అట్టకట్టే ఉండేది. ఆరేసిన తాడు మీదకి కూడా చీమలు వచ్చేవి.

అలా వారం రోజులు, వచ్చిన జిప్పులు పక్కనపెట్టి, పరదేశి దీని మీదే కూర్చున్నాడు. ఇంక ఒక పక్క అంచు మిగిలింది. సగం కుట్టేసరికి మిషను దారం పట్టేసుకుంది. చక్రం కదలనంది. రెండుసార్లు వెనక్కి తిప్పి చూసి, ఆ మిగిలిన అంచు చేత్తోనే కుట్టుకోవచ్చని గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. మేకు, సుత్తి చేతిసంచీలో వేసుకున్నాడు.

మంచు కరుగుతోంది. మార్కెట్టు గేటు దగ్గర బెల్లం దిమ్మలు వరసగా కూర్చుని ఉన్నాయి, తలలు వంచుకుని ఎండ కాగే ముసలాళ్లలాగా. దేముడితో కలిసి పనిచేసిన రాజుబాబు బస్తా దించి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఏటి మావా, గోడలకి బట్టలు కడతన్నావు, మా ఒంటికి కట్టవేటి? నా నిక్కరు ఎనకాల సూడు, ఊరంతా కనిపిత్తంది."

పరదేశి నిక్కరు వెనక చూసి, చేత్తో పడమటి దిక్కు చూపించాడు. పక్కనున్న కళాసీలు నవ్వారు. రాజుబాబు నవ్వలేదు. చంకలో గుడ్డ చూశాడు. ఖాకీ గుర్తుపట్టాడు.

"ఎలాగున్నాడు?" అన్నాడు నెమ్మదిగా.

పరదేశి తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నడిచాడు.

దేముడు ఇల్లు సందు చివర. ఒక గది, వెనక చిన్న పెరడు. మంచం గోడకి ఎదురుగా వేసి ఉంది. ఆ గోడ మీద గీత ఈ కొస నుంచి ఆ కొసకి నడుం ఎత్తున పాకి ఉంది. రేకుల సందులోంచి వచ్చే ఎండ దాని మీద పడి, కదిలే నీళ్లలా మెరుస్తోంది. చిన్నమ్మలు పెరట్లో గంజి కాస్తోంది. కట్టెపొగ లోపలికి వచ్చి మంచం చుట్టూ నిలబడింది.

"వచ్చేవా," అన్నాడు దేముడు కళ్లు తెరవకుండానే. "అయిపోనాదేటి?"

"అంచుంది."

"నీ అంచులు తగలెయ్య. గోడకి అంచెవులు సూత్తారు? కొట్టీ మేకు."

పరదేశి వినలేదు. అంచు లేని గుడ్డ అతని చేతిలోంచి ఎప్పుడూ బయటకి పోలేదు. గుమ్మంలో కూర్చుని, కాలరు కిందనుంచి సూది తీసి, దారం ఎక్కించాడు. గుడ్డ మోకాళ్ల మీద పరుచుకుంది. జేబు అతని వైపే నోరు తెరిచి ఉంది.

"ఇందాక కునుకు పట్టింది బావా," అన్నాడు దేముడు. గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టుంది. "నీళ్లు గీత దాకా వచ్చేయి. మంచం తేలింది. బలే సల్లగున్నాది. మా అప్ప గట్టు మీద కూకుని రవికెకి గుండీలు కుట్టుకుంటంది. ఏరా, మీ బావేడ్రా అంది. అంచు కుడతన్నాడన్నాను. నవ్వింది. ఎప్పుడూ అదే పనా అంది."

పరదేశి చేతిలో సూది ఆగింది. తలెత్తి అడిగాడు.

"రవికె రంగేటి?"

దేముడు కళ్లు తెరిచాడు. బావ తనంత తాను ఒక ప్రశ్న అడగడం అతనికి వింతగా ఉన్నట్టుంది.

"ఏటో... పసుప్పచ్చ. కాదు కాదు. లేత సెరకాకు రంగు. అంచు మట్టుకు ఎరుపు."

అలాంటిది ఒకటి కుట్టాడు పరదేశి. కొర్లమ్మ మునగపాక తీర్థానికి తొడుక్కెళ్లింది. అతడు తలూపి మళ్లీ కుట్టుకోసాగాడు. సూది దిగుతోంది, లేస్తోంది. పెరట్లో గంజి కుతకుతమంటోంది. దూరంగా రైలు స్టేషన్లో ఏదో బండి వచ్చి ఆగింది. దేముడు ఇంకా ఏదో చెబుతున్నాడు. పడవంటున్నాడు, గట్టంటున్నాడు. తరువాత మాటలు విడిపోయి ఒక్కొక్కటే వచ్చాయి. ఆ తరువాత ఊపిరి చప్పుడు మాత్రం వినిపించింది. నిద్ర పట్టింది, మంచిదే అనుకున్నాడు పరదేశి. కుట్టుకి కుట్టుకి మధ్య అతని కళ్లు కూడా మూతలు పడ్డాయి. ఆ మగతలో నీళ్లు గుమ్మం దాకా వచ్చి తన పాదాలని ముట్టుకుని వెనక్కి వెళ్లినట్టు అనిపించింది.

దారం ముడి వేసి పంటితో తెంపాడు. లేచి, మంచం పక్కగా మెల్లగా నడిచి, గీతకి పైన మేకు పెట్టాడు. నిద్ర చెడుతుందని సుత్తికి తువ్వాలు చుట్టి కొట్టాడు. వెదురుబద్ద పురికొస తగిలించి, గుడ్డ సరిచేసి, గీత దాని వెనక్కి వెళ్లిందా లేదా చూసుకున్నాడు. గుడ్డకి అటూ ఇటూ గీత కనిపిస్తోంది. మధ్యలో మాత్రం ఏరు, చెరకు మడి, చేప.

"బావా, సూడు," అన్నాడు పరదేశి.

వెనక్కి తిరిగాడు. దేముడి కళ్లు గోడ మీదే ఉన్నాయి. తెరుచుకుని. చూస్తున్నాడనే అనుకున్నాడు పరదేశి. ఏదో ఒక ఎకసెక్కెం వస్తుందని అలాగే నిలబడ్డాడు. రాలేదు.

మేకుకి ముందా, మేకుకి తరవాతా? సుత్తి చేతిలో పట్టుకుని అతడు అదే ఆలోచించాడు. మేకు కొట్టేటప్పుడు ఊపిరి వినిపించిందా? వినిపించలేదా? తువ్వాలు చుట్టిన సుత్తి చప్పుడే చెవిలో ఉంది. ముందయితే అది బట్ట. తరవాతయితే గోడది. చెప్పగలిగినవాడు ఒక్కడే, వాడు చెప్పడు.

చిన్నమ్మలు గంజిగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అన్న మొహం చూసింది, మంచం చూసింది. గిన్నె కింద పెట్టింది. వొలకలేదు. అంత నెమ్మదిగా పెట్టింది.

ఎండ నడినెత్తి దాటేసరికి సందు నిండిపోయింది. మార్కెట్టునుంచి కళాసీలు తలగుడ్డలు చేత్తో పట్టుకుని వచ్చారు. వాళ్లతో పాటు పాకం వాసన కూడా వచ్చింది. వీధి మొదట్లో ఉండే మరిడమ్మ వచ్చింది. ఎవరింట్లో మనిషి పోయినా తంతు చేయించేది ఆవిడే. వంగిపోయిన నడుం, కరుకు గొంతు, చూపు మాత్రం గద్దచూపు. పోయినవాళ్లని ఆ రోజు పేరు పెట్టి పిలవరు. ఎవరైనా నోరు జారితే ఊరుకోదు.

"పోయినాయన బట్టలేయే సిన్నమ్మలూ? అన్నీ తీయ్. నూలుపోగు ఉంచకు."

మరిడమ్మే పెట్టె తెరిచింది. అడుగున కర్పూరపుండలు తప్ప ఏమీ లేవు. దండెం చూసింది, మంచం కింద చూసింది. దుప్పటి, తలగడ గలీబు, ఒంటి మీద లుంగీ.

"ఇదేటే! మనిషన్నోడికి ఒక సొక్కా నేదేటి? ఏటి కట్టుకుని తిరిగీవోడు?"

గదంతా ఒకసారి చూపు తిప్పింది. చూపు గోడ మీద ఆగింది. దగ్గరికి వెళ్లింది. మెడ సాచి, కళ్లు చికిలించి, చెరకు మడి చూసింది, ఏరు చూసింది. చెయ్యి పైకెత్తింది. వేళ్లు జేబు దాకా వెళ్లాయి.

"ఇది కొత్తగున్నాది. ఇదెవులిది?"

గుమ్మంలో రాజుబాబు తలదించుకున్నాడు. చిన్నమ్మలు ఏడుపు మధ్యలో ఆగిపోయి అన్న వైపు చూసింది. ఆ చూపులో ఏం అడుగుతోందో పరదేశికి తెలుసు. గోతాం దిమ్మరించిన మధ్యాహ్నం తన చూపు కూడా అలాగే ఉండి ఉంటుంది.

అబద్ధం చెప్పడం అతనికి రాదు. ఎక్కువ మాట్లాడడం అసలు రాదు. నోట్లోకి వచ్చింది ఒక్క మాటే. అదే అన్నాడు.

"దేముడిది."

మరిడమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. నిప్పు తాకినట్టు ఆ చేతిని చీరకి తుడుచుకుని, రెండు చేతులూ జోడించి కళ్లకద్దుకుంది.

"ఓలమ్మోలమ్మ! దేముడిదని ముందు సెప్పవేటయ్యా! అంటుసేత్తో ముట్టీసేదాన్ని కదా." గదిలో వాళ్లందరి వైపు తిరిగి గొంతు పెంచింది. "పెద్దరోజు కర్మ అయ్యీదాక ఎవులూ దాని జోలికెల్లకండి. తీయకండి, జరపకండి. ఇనిపించిందా?"

గుమ్మంలో ఎవరో దగ్గారు. రాజుబాబు తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని బయటకి వెళ్లిపోయాడు. చిన్నమ్మలు కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో పక్కన కూర్చున్న ఆడవాళ్లకి తెలియలేదు. ఆవిడకైనా తెలుసో లేదో.

పరదేశి కాలరు కింద సూదులు సరిచేసుకున్నాడు. తను నిజమే చెప్పాడు. విన్నవాళ్లు ఎలా వింటే అలా.

పొద్దువాలుతుండగా ఏటి ఒడ్డున అన్నీ అయిపోయాయి. వరద ఏడు ఊరి మీదకొచ్చిన ఏరేనా ఇది అన్నట్టు శారద ఇసక మధ్యలో సన్నగా, పంచె అంచులా పారుతోంది. మరిడమ్మ కట్టించిన మూట పరదేశి చేతికే ఇచ్చారు. దుప్పటి, గలీబు, అంతే. నీళ్లలో వదిలితే అది మునగలేదు. తేలుతూ, తిరుగుతూ, ఎటు వెళ్లాలో ఎరిగినదానిలా వెళ్లింది. పరదేశి దాని వెనకాల చూస్తూ నిలబడ్డాడు. ఈసారి వెతకడానికి తొందరగా ఇంటికి వెళ్లాల్సిన పని లేదు.

మర్నాడు పొద్దున్న పరదేశి మిషను మీద గుడ్డ తియ్యలేదు. మంచులో నడుచుకుంటూ మార్కెట్టుకి వెళ్లాడు. లారీ దింపుతున్నారు. పైనుంచి ఒక దిమ్మ జారి నేల మీద పడి పగిలింది. రాజుబాబు అతన్ని చూశాడు. వంగి ఒక పలుకు ఏరి, మట్టి ఊది, అతని చేతిలో పెట్టాడు. పరదేశి దాన్ని తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

సందు చివర ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. చిన్నమ్మలు గోడకి చేరగిలబడి, నేల మీద కూర్చునే నిద్రపోయింది. చెయ్యి ఒళ్లో వెల్లకిలా పడి ఉంది. మంచం లేదు, గది ఎప్పటికంటే పెద్దదిగా ఉంది. పరదేశి చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. మరిడమ్మ ముట్టవద్దంది కదా. గుడ్డని ముట్టలేదు. రెండు వేళ్లతో బెల్లంపలుకు పట్టుకుని, జేబు నోట్లోంచి లోపలికి జారవిడిచాడు. చెల్లెలిని లేపకుండా, తలుపు ఎప్పటిలా దగ్గరగా వేసి, అరుగు మీద మిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎండ వచ్చేసరికి గోడ మీద వరద గీత వెంబడే ఒక చీమలబారు నడిచి వచ్చింది. ఏరు దాటి, చేప కన్ను పక్కనుంచి వెళ్లి, ఖాకీజేబు అంచు దగ్గర కాస్త ఆగి, ఒక్కొక్కటిగా లోపలికి దిగుతోంది.